కదలకండి... నవ్వండి... ఎగరండి!

మొన్నామధ్య మా నాన్నగారికి ఎనభయ్యేళ్ళు నిండిన సందర్భంగా బంధువులమంతా ఒకచోట చేరాం. భోజనాలయ్యాక ఫొటోగ్రాఫరు కుర్రవాడు మమ్మల్నందర్నీ పెరట్లోకి తోలుకెళ్ళి, తన ఫోనులో దాచుకున్న భంగిమల పట్టిక విప్పాడు. పిల్లలందరూ తాతగారి వెనక రైలుపెట్టెల్లా వరసగా నిలబడాలట. అమ్మ నాన్నగారి చెవి మెలిపెట్టాలట. అల్లుళ్ళు ముగ్గురూ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చేతులు కట్టుకుని, సినిమా విలన్లలాగా చూడాలట. ఆఖరున, కాళ్ళు సహకరించే వాళ్ళంతా ఒక్కసారిగా గాలిలోకి ఎగరాలట. అమ్మ మూడుసార్లు చెవిదాకా చెయ్యి తీసుకువెళ్ళి, నవ్వొచ్చి, దించేసింది. నాలుగోసారి నిజంగానే మెలిపెట్టింది.

"ఇదెక్కడి చోద్యంరా! మా రోజుల్లో ఫొటో అంటే ఊపిరి బిగబట్టి కూచునేవాళ్ళం" అంది మా పెద్దత్తయ్య.

ఆవిడ యథాలాపంగా అన్న ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. ఊపిరి బిగబట్టడం నుంచి గాలిలోకి ఎగరడం దాకా కుటుంబాలు చేసిన ఈ ప్రయాణానికి ఒక చరిత్ర ఉంది. నాకు తెలిసినంతలో దాన్ని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. దానితోపాటు మా ఇంటి పటం కథ కూడా.

మనిషి మొట్టమొదట ఫొటోలో పడ్డది కదలకుండా నిలబడినందువల్లనే. 1838లో లూయీ డగేర్ పారిస్‌లో ఒక రద్దీ వీధిని పైఅంతస్తు కిటికీలోంచి ఫొటో తీశాడు. ఆ పలకమీద బొమ్మ పడడానికి కొన్ని నిమిషాలు పట్టింది. అందుచేత వీధిలో నడిచిపోతున్న జనం, బళ్ళు, గుర్రాలు ఏవీ అందులో నిలవలేదు. బూటు పాలిష్ చేయించుకుంటూ ఒక్కచోట నిలబడిన ఎవరో పెద్దమనిషి, అతని కాళ్ళదగ్గర వంగిన పనివాడు మాత్రం మిగిలారు. కదిలినవాడు మాయమైపోతాడు, నిలిచినవాడు మిగులుతాడు. ఫొటోల తొలినాటి ధర్మం ఇదే.

1839లో డగేర్ పద్ధతి లోకానికి వెల్లడయింది. మరి కొద్ది సంవత్సరాలలో కటకాలూ రసాయనాలూ మెరుగుపడి, నిమిషాలు సెకన్లయ్యాయి. అయినా ఆ సెకన్లపాటు మనిషి బొమ్మలా ఉండక తప్పదు. స్టూడియోలలో కుర్చీ వెనక ఒక ఇనుప ఊచ ఉండేది. దాని కొసనున్న పట్టకారులాంటిది తలను వెనకనుంచి ఆనించి పట్టేది. మోచెయ్యి ఆనించుకోవడానికి స్తంభం, చెయ్యి వేసుకోవడానికి కుర్చీ వీపు, ఇవన్నీ మొదట మనిషి ఊగకుండా పెట్టినవే. చిరునవ్వు అన్నిసెకన్లు చెదరకుండా నిలవదు. గంభీరమైన ముఖం నిలుస్తుంది. మన ముత్తాతల నాటి ఫొటోలలో అందరూ ఏదో దుర్వార్త విన్నట్టు ఉండడానికి కారణాల్లో ఇదొకటి. ఇదొక్కటే కారణం కాదని ముందుముందు చెబుతాను. వేల్స్ దేశంలో మేరీ డిల్విన్ అనే ఆవిడ 1853 ప్రాంతంలో తమ ఇంటి కుర్రవాడు విల్లీ ఏదో చూసి ముసిముసిగా నవ్వుతుండగా ఫొటో తీసింది. ఫొటోలకెక్కిన తొలి చిరునవ్వులలో దాన్ని ఒకటిగా చెబుతారు. అది స్టూడియోలో కాక ఇంటి మనిషి చేతుల్లో పుట్టడం గమనించదగ్గది.

1854లో పారిస్‌లో డిస్డెరి అనే ఫొటోగ్రాఫరు ఒకే పలకమీద పలు బొమ్మలు తీసి, విజిటింగు కార్డంత అట్టలమీద అంటించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాంతో ఫొటో చవకయింది, మధ్యతరగతి ఇళ్ళకు వచ్చింది. 1860లో మేయాల్ తీసిన విక్టోరియా రాణి కుటుంబం ఫొటోలు ఈ కార్డుల రూపంలోనే విరివిగా అమ్ముడయ్యాయి. రాజకుటుంబం ఎలా కూర్చుందో, ఎలా నిలబడిందో చూసి సామాన్య కుటుంబాలు తామూ అలాగే దిగాయి. మనం 'ఫొటో దిగడం' అంటాం. నదిలోకి దిగినట్టు, పందెంలోకి దిగినట్టు. ఎంత సరైన మాట! మనం మామూలుగా ఉండే చోటినుంచి మరో చోటికి దిగి, కాసేపు వేరే మనుషులమై, మళ్ళీ పైకి వస్తాం.

మన ప్రాంతంలో ఈ విద్యకు పెద్దదిక్కు లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ ఫొటోగ్రఫీ నేర్చాడు. తరవాత సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందాడు. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆయన 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళకోసం ప్రత్యేకంగా తెరిచిన జనానా స్టూడియో. చుట్టూ ఎత్తయిన గోడలు. తీసేది కూడా ఆడమనిషే, కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయ వనిత. పరదా చాటున బతికే స్త్రీలు పరాయి మగవాడి చూపు పడకుండా తమ బొమ్మ తాము చూసుకునే వీలు కలిగింది. కెమెరా ముందు ఎలా ఉండాలన్నదానికంటే ముందు, అసలు ఉండవచ్చునా అన్న ప్రశ్న ఆడవాళ్ళకు ఉండేదన్నమాట.

క్రమంగా మన ఊళ్ళ స్టూడియోలలోనూ, నల్లగుడ్డ కెమెరా మోసుకుని పల్లెలు తిరిగే ఫొటోగ్రాఫర్ల చేతుల్లోనూ ఒక వరస స్థిరపడింది. మీ ఇళ్ళలోని పాత గ్రూపు ఫొటో ఒకసారి తలచుకోండి. నడుమ కుర్చీలలో పెద్దలు. వెనక నిలబడి కొడుకులు, కోడళ్ళు. ముందు జంపఖానా మీద బాసింపట్టు వేసుకుని పిల్లలు. దంపతుల ఫొటో అయితే భర్త కుర్చీలో, భార్య పక్కన నిలబడి, చెయ్యి కుర్చీ వీపు మీద. ఆయన భుజంమీద మటుకు కాదు! చేతిగడియారం ఉన్నవాడు అది కనపడేలా చెయ్యి మోకాలిమీద పెట్టుకుంటాడు. ముగ్గురే కలిసి దిగితే నడిమివాడికి కీడు అని నాలుగో మనిషిని పిలిచేవారు. అప్పటికి ఫిలిం వేగం పెరిగింది. ఊపిరి బిగబట్టాల్సిన అవసరం తీరింది. అయినా బిగుసుకునే కూర్చున్నారు. యంత్రం పెట్టిన నియమాన్ని కుటుంబం తన నియమంగా చేసుకుంది. ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, ఎవరు ఎవరిని తాకవచ్చు అన్న ఇంటి శాసనమంతా ఆ ఒక్క ఫొటోలో రాసి ఉంటుంది. నేను ముందు చెప్పిన రెండో కారణం ఇదే.

ఇక మా ఇంటి పటం. 1946లో తీసినది. తాతగారు, నాయనమ్మ కుర్చీలలో ఉన్నారు. ఊపిరి బిగబట్టిన మా పెద్దత్తయ్య ముందు వరసలో ఉంది. ఎడమవైపు చివర ఎత్తుపీట మీద ఏడాది పిల్లవాడు మా నాన్నగారు. ఆయన గౌను వెనకభాగాన్ని ఒక చెయ్యి పట్టుకుని ఉంటుంది. గాజులు లేని చెయ్యి. మోచేతి దగ్గర చట్రం వచ్చి దాన్ని తెగ్గొట్టింది. చిన్నప్పటినుంచీ ఆ పటం చూస్తున్నా ఆ చెయ్యి ఎవరిదని నేనెన్నడూ అడగలేదు. కొన్నేళ్ళ క్రితం అద్దం పగిలితే పటం విప్పాం. చుట్టూ వేసిన అట్ట మౌంటు తీయగానే, దాని కింద రెండంగుళాల మేర ఫొటో ఇంకా ఉంది. అందులో ఒకావిడ వంగి, పిల్లవాడు పడిపోకుండా పట్టుకుని ఉంది. అంతమందిలోనూ కెమెరావైపు చూడనిది ఆవిడ ఒక్కతే. పిల్లవాడివైపు చూస్తోంది.

ఆవిడ నాన్నగారి మేనత్త. చిట్టత్త అనేవారట. పదిహేనేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చి, మా తాతగారి పిల్లలందర్నీ పెంచింది. శుభమా అని ఫొటో దిగుతుంటే ఆవిడ వరసలో ఉండకూడదని అప్పటి లెక్క. పిల్లవాడు మాత్రం ఆవిడ పట్టుకోకపోతే కూర్చోలేదు. అందుకని పట్టుకోనిచ్చి, పటం కట్టించేటప్పుడు ఆ అంచు మూయించారు. మూయించినది మా తాతగారే. నాన్నగారు ఈ మాట ఎటో చూస్తూ చెప్పారు.

విక్టోరియా కాలపు ఇంగ్లండు ఫొటోలలో ఇలాంటి వింతే ఉంది. పసిపిల్లలు కదలకుండా ఉండడానికి తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, తల్లిమీద నిలువెల్లా దుప్పటో తివాచీయో కప్పి, కుర్చీలా కనిపించేట్టు చేసేవారు. అట్టలో అమర్చేటప్పుడు ఆ ముసుగులో చాలాభాగం అంచుల కింద మరుగయ్యేది. ఇవాళ ఆ ఫొటోలను 'దాగిన తల్లులు' అంటూ సేకరిస్తున్నారు, వాటిని చూసి నవ్వుతారు కూడా. నేనూ మొదటిసారి చూసినప్పుడు నవ్వాను. చిట్టత్త బయటపడ్డాక నవ్వలేకపోయాను. అక్కడ తల్లిని కప్పింది బిడ్డ ఒక్కడే బొమ్మలో కనపడాలని. ఇక్కడ కప్పింది ఆవిడ కనపడకూడదని.

ఈ బిగువునుంచి తప్పించుకునే దారులు కూడా జనం ఎప్పటినుంచో వెతుక్కున్నారు. పేకాడే కుక్కల బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్న అమెరికా చిత్రకారుడు కాషియస్ కూలిడ్జ్, అంతకు చాలా ముందు 1874లో, చిన్న శరీరం గీసిన పలకపైన అసలు మనిషి తల పెట్టి ఫొటో తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రంధ్రంలోంచి తల పెట్టి భీముడో పహిల్వానో అయిపోయే బోర్డులకు ఆయన్నే మూలపురుషుడిగా చెబుతారు. అమెరికా సంతలలో చందమామ ఆకారపు బల్లమీద కూర్చుని కుటుంబాలు ఫొటోలు దిగేవి. మన జాతరలలో, ఎగ్జిబిషన్లలో చెక్క విమానం, అట్ట మోటారుకారు, సినిమా తారల నిలువెత్తు బొమ్మలు వచ్చాయి. బస్సెక్కడానికి డబ్బులు చూసుకునే కుటుంబం చెక్క విమానంలో కూర్చుని చేతులూపింది. అక్కడ కుర్చీల వరస లేదు. పైలటు సీటులో చంటిది కూర్చున్నా అడిగేవారు లేరు.

అచ్చంగా మనదైన చమత్కారం ఒకటి ఉంది. పూలజడ ఫొటో. జడ కుట్టడానికి అమ్మమ్మలు పూటంతా కష్టపడేవారు. ముఖం తీస్తే జడ కనపడదు, జడ తీస్తే ముఖం కనపడదు. అందుకని పిల్లను నిలువుటద్దం పక్కన నిలబెట్టి, ముఖం కెమెరాకి, జడ అద్దానికి అప్పగించేవారు. ఈ ఉపాయానికి ఎవరూ పేటెంటు తీసుకున్నట్టు లేదు. తీసుకుని ఉంటే మన వీధి స్టూడియోలన్నీ బాకీ పడేవి.

నవ్వమనడం తరవాతి ఘట్టం. 1888లో జార్జి ఈస్ట్‌మన్ నూరు బొమ్మల ఫిలిం చుట్టతో కొడాక్ కెమెరా తెచ్చాడు. 1900లో ఒక్క డాలరుకు బ్రౌనీ వచ్చింది. కెమెరా స్టూడియో విడిచి ఇంటికి, విహారానికి, సముద్రపు ఒడ్డుకు వెళ్ళింది. ఆ కంపెనీ ప్రకటనల నిండా సెలవులూ ఆటలూ ఉల్లాసమే. ఫొటో అంటే సంతోషాన్ని భద్రపరచుకోవడమన్న భావం అలా నాటుకుంది. ఒకప్పుడు 'కదలకండి' అన్న గొంతే ఇప్పుడు 'నవ్వండి' అంది. ఆజ్ఞ మారింది గాని ఆజ్ఞాపించడం పోలేదు.

ఆఖరిది ఎగరడం. దీన్ని ఒక పద్ధతిగా చేసినవాడు ఫిలిప్ హాల్స్‌మన్. 1906లో రీగాలో పుట్టి, 1940లో అమెరికా చేరినవాడు. 1952లో ఫోర్డు మోటారు కంపెనీ యాభయ్యేళ్ళ పండుగకోసం ఆ కుటుంబాన్నంతా ఒకచోట కూర్చి ఫొటోలు తీశాడు. పెద్దలు విసుగుతో, పిల్లలు అల్లరితో ఆయన్ని అలవగొట్టారు. పని అయ్యాక, హెన్రీ ఫోర్డు కోడలైన ఆ ఇంటి పెద్దావిడను, మీరు ఎగురుతుంటే ఒక ఫొటో తీసుకోనా అని అడిగాడు. ఎత్తుమడమల చెప్పులతోనా అని ఆవిడ ఆశ్చర్యపోయింది. ఆపైన చెప్పులు విప్పి ఎగిరింది. ఆమె కోడలూ తననూ తీయమంది. ఎగిరేటప్పుడు మనిషి ధ్యాసంతా ఎగరడంమీదే ఉంటుంది, అందుచేత ముఖానికి తొడుక్కున్న ముసుగు జారిపోతుందని హాల్స్‌మన్ వాదం. 1959లో ఆయన అచ్చువేసిన పుస్తకంలో రిచర్డ్ నిక్సన్, విండ్సర్ ప్రభువు దంపతులు, అణుశాస్త్రవేత్త ఓపెన్‌హైమర్, అందరూ గాలిలోనే ఉన్నారు. మొన్న మా పెరట్లో కుర్రవాడు ఎగరమన్నది ఈ పరంపరలోదే. అతనికి హాల్స్‌మన్ పేరు తెలియనక్కరలేదు.

నాకు ఆ సరదా భంగిమలమీద చిన్నచూపు లేదు. అరవయ్యేళ్ళ కాపురంలో అమ్మ నాన్నగారి చెవి పట్టుకోగా నేను చూడడం అదే మొదలు. 1946 నాటి వరసలో మా నాయనమ్మకు ఆ వీలు లేదు.

వారం తరవాత ఫొటోలు వచ్చాయి. ఎగిరిన ఫొటో భలే కుదిరింది. బావగారి పంచె ఒకవైపు, కళ్ళజోడు ఒకవైపు. అందరం కంప్యూటరు ముందు చేరి పేరుపేరునా లెక్కపెట్టుకుంటూ నవ్వుతున్నాం. అప్పుడు మా అమ్మాయి అడిగింది: "చిన్నత్త ఏది?"

మా తమ్ముడి భార్య ఏ ఒక్క ఫొటోలోనూ లేదు. అందరి ఫోన్లూ, చేతిసంచులూ, విడిచిన చెప్పులూ కాపాడుతూ, మా చంటి మనవణ్ణి ఎత్తుకుని, కెమెరా పక్కన నిలబడింది. ఆవిణ్ణి ఎవరూ వద్దనలేదు. ఎవరూ రమ్మననూ లేదు. చిట్టత్త కథ ఇంటింటా చెప్పుకు తిరిగే నేను కూడా గమనించలేదు. తాతగారి మౌంటుకు అట్ట కావలసి వచ్చింది, మాకు అదీ అక్కరలేకపోయింది.

చిట్టత్త ఇప్పుడు మా హాల్లో మౌంటు లేని పటంలో పూర్తిగా కనపడుతుంది. వెనక పెన్సిలుతో ఆవిడ పేరు కూడా రాశాను. మీ ఇళ్ళలో పాత పటాలుంటే ఒకసారి విప్పి, అంచులు చూడండి, పేర్లు తెలిసినవాళ్ళు ఉండగానే వెనక రాసిపెట్టండి. కొత్త ఫొటో దిగేటప్పుడు మాత్రం, ఎగిరేముందు, ఎవరైనా ఒకరు గట్టిగా అడగండి: ఇంకా ఎవరు రావాలి?

వచ్చే నెలలో మా తమ్ముడి ఇంటికి వెళ్తున్నాం. చెప్పులు కాపలా కాసే వంతు ఈసారి నాది.