తెమడ పరీక్షని పరీక్షించేదెవరు?

టీబీ అనగానే చాలామందికి ఆరు నెలల మందులు గుర్తొస్తాయి. మందుల కంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఆ దగ్గు టీబీయేనని తేల్చిందెవరు? తేల్చినవాడి పనిని మళ్ళీ చూసిందెవరు? రాయదుర్గంలో కోడ్ రాసుకు బతికేవాణ్ణి, ఇంకొకరు చూడందే ఏదీ బయటికి పోనివ్వని పని మాది. టీబీ ల్యాబుల చరిత్ర చదువుతుంటే నాకు అదే కనిపించింది.

1882 మార్చి 24న రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని కనుక్కున్నట్టు ప్రకటించాడు. కొద్ది ఏళ్ళకే దానికి రంగు పట్టించి మైక్రోస్కోపులో చూసే పద్ధతి కుదిరింది. గాజు పలక మీద తెమడ పూసి, ఆరబెట్టి, రంగేసి, కడిగి చూడటమే. చవకైన పని, కానీ తేలికైన పని కాదు. మిల్లీలీటరు తెమడలో 5 నుంచి 10 వేల క్రిములుంటేగానీ కంటికి చిక్కవు. 'లేదు' అని రాయాలంటే కనీసం 100 ఫీల్డులు జరిపి చూడాలి. అందుకే ఒక మనిషికి రోజుకి 20-25 స్లైడ్లకి మించి ఇవ్వొద్దంటారు. కళ్ళు అలిసిన టెక్నీషియన్ పది ఫీల్డులు చూసి 'నెగెటివ్' రాసేస్తే ఆ రోజు ఎవరికీ తెలీదు. కొన్ని నెలల తర్వాత ఆ ఇంట్లో పిల్లలు దగ్గడం మొదలెట్టాక తెలుస్తుంది.

మనదేశంలో జాతీయ టీబీ కార్యక్రమం 1962లోనే మొదలైంది. కాగితం మీద తెమడ పరీక్షకే పెద్దపీట. ఆచరణలో మాత్రం ఎక్స్‌రే చూసి మందులు రాసేయడమే ఎక్కువ.

ఇక మన హైదరాబాదు సంగతి. 1995లో ఏ.సి.గార్డ్స్‌లోని మహావీర్ ఆసుపత్రి, డాక్టర్ కె.జె.ఆర్.మూర్తిగారి ఆధ్వర్యంలో, లక్ష జనాభాకి ఈ పని నెత్తినేసుకుంది. 1998లో దాన్ని 5 లక్షలకి పెంచారు. ప్రైవేటు డాక్టర్లు అనుమానం ఉన్నవాళ్ళని పంపితే ఇక్కడ ఉచితంగా తెమడ పరీక్ష చేసేవాళ్ళు. మందులు మింగించే పని మాత్రం రోగి ఇంటి దగ్గరి నర్సింగ్ హోముల్లోనే. పేషెంటు చెయ్యిజారిపోతాడన్న భయం డాక్టరుకి లేకుండా పోయిందన్నమాట! ఈ అనుభవం 2001లో అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. రాసినవాళ్ళలో ఒకరైన టామ్ ఫ్రీడెన్ తర్వాత అమెరికా సీడీసీకి అధిపతి అయ్యాడు.

1997 నుంచి దేశమంతా పరిచిన సవరించిన కార్యక్రమంలో లక్ష జనాభాకో మైక్రోస్కోపు కేంద్రం, 5 లక్షలకో ల్యాబ్ సూపర్‌వైజర్. నాకు బాగా నచ్చింది ఇంకోటి. చూసేసిన స్లైడ్లని పారెయ్యరు, డబ్బాలో దాస్తారు. అందులోంచి కొన్ని తీసి, ముందు ఫలితం చెప్పకుండా ఇంకొకరి చేత చదివిస్తారు. ఇద్దరికీ తేడా వస్తే మూడో మనిషి తేలుస్తాడు. అచ్చం కోడ్ రివ్యూనే.

ఈ రివ్యూ లేనిచోట ఏమైందో కూడా చెప్పాలి. ప్రైవేటు ల్యాబుల్లో 'టీబీ రక్తపరీక్ష' జోరుగా అమ్ముడుపోయింది. మా స్నేహితుడి నాన్నగారికి 2009లో ఓ ల్యాబు అలాగే పాజిటివ్ ఇచ్చింది. నెలల తరబడి మందులు మింగాక తేలింది, అసలు జబ్బు వేరని. ఉన్నవాళ్ళకి లేదనీ, లేనివాళ్ళకి ఉందనీ చెప్పే ఆ పరీక్షల్ని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది, 2012లో మన ప్రభుత్వం నిషేధించింది.

ఇప్పుడు సీబీనాట్, గోవా కంపెనీ తెచ్చిన ట్రూనాట్ వచ్చాయి. మిల్లీలీటరుకి వందల్లో క్రిములున్నా పట్టేస్తాయి, రిఫాంపిసిన్ మందుకి లొంగుతుందో లేదో కూడా చెప్తాయి. సంతోషమే. కానీ సీబీనాట్‌కి నిలకడైన కరెంటు కావాలి, చల్లటి గది కావాలి, ఏటా కాలిబ్రేషన్ కావాలి, అన్నిటికంటే ముందు కార్ట్రిడ్జులు అందాలి. యంత్రం కొన్న రోజు ఫోటోలు పేపర్లో వస్తాయి. రెండేళ్ళ తర్వాత దాన్ని ఎవరు చూస్తున్నారన్నది ఏ పేపర్లోనూ రాదు. ల్యాబు కట్టడమంటే నా దృష్టిలో ఆ రెండో పనే.

అన్నట్టు, రెండు వారాలు దాటి దగ్గుంటే మీరూ తెమడ పరీక్ష చేయించుకోండి. సర్కారు దవాఖానాల్లో ఉచితమే.