వెండి మీద రోమన్ మహారాణులు

నల్గొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడ్డ పాతరలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలున్నాయి. ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. మన దేశంలో విరివిగా దొరికే టైబీరియస్ డెనేరియస్ అనే వెండి నాణేన్ని తిప్పి చూస్తే, రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న ఒక స్త్రీ కనిపిస్తుంది. ఆమె అతని తల్లి లివియా అని చాలామంది పండితుల అభిప్రాయం. నాణెం మీద మాత్రం ఆమె పేరు లేదు.

పేరు వేయకపోవడం వెనుక రాజకీయం ఉంది. రోమ్‌లో బతికున్న మగవాడి బొమ్మనైనా నాణెం మీద వేయడం క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్‌తోనే మొదలైంది. ఆ తర్వాత కొద్దికాలానికే మార్క్ ఆంటొనీ అర డెనేరియస్ మీద రెక్కల విజయదేవత వచ్చింది. ఆమె ముఖం, కొప్పు ఆంటొనీ భార్య ఫుల్వియావేనంటారు. క్రీ.పూ. 32 ప్రాంతంలో అదే ఆంటొనీ క్లియోపాత్రాను పేరుతో సహా డెనేరియస్‌కు ఎక్కించాడు. అతన్ని ఓడించి గద్దెనెక్కిన అగస్టస్ తన భార్య లివియా విషయంలో ఆ దారి తొక్కలేదు.

ఆ జంకు తీరిపోయింది అగ్రిప్పినాతో. భర్త క్లాడియస్ చక్రవర్తి నాణేల మీదే ఆమె ముఖం వచ్చింది. క్రీ.శ. 54లో కొడుకు నీరో చక్రవర్తి అయ్యాక తల్లీకొడుకులు ఎదురెదురుగా నిలిచారు. ముందువైపు అక్షరాలు తల్లివి, కొడుకు బిరుదులు వెనుకవైపు. మరుసటి ఏడాదికి ముందువైపు నీరో పేరు వచ్చింది, తల్లి ముఖం అతని ముఖం వెనక్కి జరిగింది. ఆ తర్వాత ఆమె బొమ్మే లేదు. 59లో నీరో ఆమెను చంపించాడు. అంతఃపురంలో ఎవరి మాట చెల్లుతోందో సామాన్యుడికి అతని చేతిలోని చిల్లరే చెప్పింది.

రెండో శతాబ్దానికి మహారాణి నాణేలు టంకశాలలో మామూలు పనైపోయాయి. 140లో పెద్ద ఫౌస్టీనా చనిపోతే భర్త ఆంటొనినస్ పయస్ చక్రవర్తి ఆమెను దేవతను చేసి, తాను పోయేదాకా, అంటే ఇరవయ్యేళ్లపాటు, ఆమె బొమ్మతో నాణేలు కొట్టించాడు. ఆమె పేరిట పేద ఆడపిల్లల కోసం పెట్టిన ధర్మనిధి కూడా నాణేలకెక్కింది. కూతురు చిన్న ఫౌస్టీనా కొప్పు కట్టు ఏళ్లు గడిచేకొద్దీ మారింది, దాన్ని బట్టే పండితులు ఆమె నాణేలకు కాలం కడతారు. సిరియా నుంచి వచ్చిన జూలియా డోమ్నా 193 నుంచి 217 దాకా వెండి మీద కనిపిస్తూనే ఉంది.

215లో ఆమె కొడుకు కారకల్లా చక్రవర్తి రెండు డెనేరీల విలువ కట్టి కొత్త నాణెం తెచ్చాడు. అందులోని వెండి మాత్రం ఒకటిన్నరకు మించదు. దాని మీద చక్రవర్తి తలకు సూర్యకిరణాల కిరీటం, మహారాణి భుజాల కింద నెలవంక. అర్ధశతాబ్దంలో ఆ వెండి పైపూతకే పరిమితమైంది. 275లో ఔరేలియన్ చక్రవర్తి హత్య తర్వాత కొన్నాళ్లు అతని భార్య సెవెరీనా పేరు మీదే పాలన సాగిందని కొందరు చరిత్రకారులు అంటారు. అందుకు ఆధారం ఆమె నాణేలే.

ఇలాంటి నాణేల సేకరణ యూరప్‌లో ముఖాల మోజుతో పుట్టింది. 1354లో కవి పెట్రార్క్ రాజు నాలుగో చార్లెస్‌కు పాత రోమన్ చక్రవర్తుల నాణేలు కానుకిచ్చి, వాళ్లలా పాలించమన్నాడు. 1557లో ఎనియా వీకో రాణుల బొమ్మలకే ఒక పుస్తకం కేటాయించాడు. వరసలో ప్రతి ముఖమూ ఉండాలన్న పట్టుదల పెరిగేసరికి నకిలీలూ పెరిగాయి. అదే కాలంలో పాడువాలో జొవాన్నీ కవీనో చెక్కిన అనుకరణలు ఇప్పటికీ సేకర్తలను తికమకపెడుతున్నాయి.

ముఖం నుంచి లెక్కకు దృష్టి మళ్లించినవి పాతరలు. 1929లో బల్గేరియాలోని రేకా దేవ్నియాలో సుమారు లక్ష వెండి నాణేలు ఒక్కచోటే దొరికాయి. ఎనభై వేలకు పైగా నాణేలను వర్గీకరించి జాబితా వేయడంతో ఏ రాణి నాణెం ఎంత విరివిగా చెలామణి అయిందో అంచనా దొరికింది. ఫౌస్టీనాలు, డోమ్నా కొత్త సేకర్తకూ అందుతారు. ఎలాగబాలస్ చక్రవర్తి మూడో భార్య అన్నియా ఫౌస్టీనా వెండి నాణెం మాత్రం గొప్ప సేకర్తలకూ దుర్లభమే.

ఆ లెక్క వేయగలిగింది పాతరలో అత్యధిక భాగం చెదరకుండా చేతికొచ్చింది కాబట్టే. ఊరూ పేరూ లేకుండా అంగడికొచ్చిన నాణెం అందం చూపుతుంది, చరిత్ర చెప్పదు. అందుకే కొనేవాడు నాణెం నాణ్యతతో పాటు అది ఎక్కడిది, ఎన్ని చేతులు మారిందన్న కాగితం కూడా అడగాలి. మన పొలాల్లో దొరికిన వాటికైతే 1878 నాటి నిధుల చట్టం ఉంది. పది రూపాయలకు మించిన నిధి నేలలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాల్సిందే.