అకౌంట్ అగ్రిగేటర్

అకౌంట్ అగ్రిగేటర్ అంటే వేర్వేరు బ్యాంకులు, మ్యూచువల్ ఫండ్లు, బీమా సంస్థల దగ్గర ఉన్న ఖాతాదారు వివరాలను, ఆ ఖాతాదారు అనుమతితోనే ఒకచోట చూపే లేదా కోరిన సంస్థకు చేరవేసే మధ్యవర్తి సంస్థ. దీనికి భారత రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉండాలి. ఒక్క లాగిన్‌తో అనేక ఖాతాలు చూసుకునే ఈ పద్ధతి ఉద్యోగం ఒక రాష్ట్రంలో, సొంతూరు మరో రాష్ట్రంలో ఉన్నవారికి బాగా పనికొస్తుంది. జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ తెలుగువారు అలాంటివారే.

నేపథ్యం

ఖాతాలన్నిటినీ ఒకే తెరపై చూపే సేవలు అమెరికాలో ముందుగా వచ్చాయి. యోడ్లీ 1999లో, మింట్ 2007లో మొదలయ్యాయి. ఖాతాదారు తన బ్యాంకు పాస్‌వర్డు ఇస్తే, ఆ సంస్థ కంప్యూటర్లు అతని పేరుతో లాగిన్ అయి వివరాలు తెచ్చుకోవడం అప్పట్లో సాధారణ పద్ధతి. ఇంటి తాళంచెవి పరాయివారి చేతిలో పెట్టడం లాంటిదే ఇది. మింట్ 2024 మార్చిలో మూతపడింది.

భారతదేశం వేరే దారి పట్టింది. రిజర్వు బ్యాంకు 2016 సెప్టెంబరు 2న అకౌంట్ అగ్రిగేటర్లకు నిబంధనలు జారీ చేసింది. ఈ సంస్థలు కనీసం 2 కోట్ల రూపాయల సొంత నిధి చూపాలి. ఖాతాదారు పాస్‌వర్డు, పిన్ అడగకూడదు, దాచకూడదు. సరిగ్గా అయిదేళ్లకు, 2021 సెప్టెంబరు 2న, స్టేట్ బ్యాంకు సహా 8 బ్యాంకుల భాగస్వామ్యంతో ఈ వ్యవస్థ ప్రజల ముందుకొచ్చింది. లైసెన్సు పొందినవాటిలో ఫిన్‌వు, అనుమతి, క్యామ్స్ ఫిన్‌సర్వ్, హైదరాబాదుకు చెందిన వన్‌మనీ ఉన్నాయి.

పనిచేసే తీరు

ఖాతాదారు మొబైల్ నంబరుతో యాప్‌లో నమోదై, తన బ్యాంకులను ఎంచుకుంటారు. ఆ నంబరుతో ఉన్న ఖాతాలను బ్యాంకు చూపుతుంది. ఓటీపీతో వాటిని జతచేసుకోవాలి. తర్వాత ఏ సంస్థ అయినా వివరాలు కోరితే అనుమతి పత్రం తెరపైకి వస్తుంది. వివరాలు ఎందుకు కావాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్నిసార్లు తీసుకుంటారు, ఎంతకాలం ఉంచుకుంటారు, అనుమతి గడువు ఎప్పటివరకు అన్నవి అందులో ఉంటాయి. ఇంటి రుణం కోసం ఒక్కసారి స్టేట్‌మెంటు చూస్తే సరిపోయే చోట, నెలనెలా చూసేందుకు అనుమతి అడిగితే కాదనవచ్చు. ఇచ్చిన అనుమతిని మధ్యలో రద్దు చేసుకోవచ్చు. వివరాలు సంకేత రూపంలో ప్రయాణిస్తాయి కాబట్టి వాటిని చదవడం మధ్యవర్తి సంస్థకు వీలుకాదు. డబ్బు బదిలీ చేసే అధికారం కూడా దానికి లేదు.

జంషెడ్‌పూర్ తెలుగువారి ఖాతాలు

టాటా ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగి, 1919లో జంషెడ్‌జీ టాటా పేరు పొందిన ఈ ఊరికి ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు పనికోసం తరలివచ్చాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి కూడలి. ఇలాంటి కుటుంబాలకు జీతం ఖాతా ఇక్కడ, పొలం లేదా పెద్దవాళ్ల పేరుమీది ఖాతా శ్రీకాకుళం వైపు ఉండటం మామూలే.

విలీనాలతో సొంతూరి బ్యాంకుల పేర్లు కూడా మారాయి. పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటయ్యాయి. కాబట్టి యాప్‌లో పాత పాస్‌బుక్కు మీది పేరు కాక కొత్త పేరుతో వెతకాలి. అసలు చిక్కు మొబైల్ నంబరు దగ్గర వస్తుంది. ఊళ్లోని ఖాతాకు ఎప్పుడో వదిలేసిన నంబరు ఉంటే, ఇప్పటి నంబరుతో వెతికినప్పుడు ఆ ఖాతా కనిపించదు. ముందు బ్యాంకులో నంబరు మార్పించుకోవాలి.

క్రెడిట్ కార్డులు, ఇతర మార్గాలు

అగ్రిగేటర్ చేరవేయగల వివరాలకు 2016 నిబంధనల్లో ఇచ్చిన జాబితా డిపాజిట్లు, షేర్లు, బీమా, పెన్షన్ నిధి వంటి ఆస్తులది. క్రెడిట్ కార్డు బకాయి అప్పు కాబట్టి అందులో లేదు. కార్డు బిల్లులను బిల్లు చెల్లింపుల వ్యవస్థ అయిన భారత్ కనెక్ట్ ద్వారా ఒకే యాప్‌లో చెల్లించవచ్చు. మొత్తం అప్పుల లెక్క కోసం సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే రుణ సమాచార సంస్థలు ఏటా ఒక్కో పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. నిల్వ మాత్రమే చూడాలంటే, 2016లో వచ్చిన యూపీఐ యాప్‌లో అనేక బ్యాంకు ఖాతాలను జతచేసుకోవచ్చు. 2025 ఆగస్టు 1 నుంచి ఒక్కో యాప్‌లో రోజుకు 50 సార్లే నిల్వ చూడవచ్చు. ఏళ్ల తరబడి మరచిన డిపాజిట్లను వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ పోర్టల్ తెచ్చింది.

జాగ్రత్తలు

జార్ఖండ్‌లోని జామ్‌తాడా జిల్లా ఫోన్ మోసాలకు దేశమంతా పేరుమోసింది. ఖాతాలన్నీ ఒకే నంబరుకు ముడిపడినప్పుడు ఆ సిమ్ కార్డే అన్నిటికీ కీలకం. ఫోన్ పోతే వెంటనే సిమ్‌ను నిలిపివేయించాలి. ఖాతాలు జతచేస్తామంటూ ఫోన్ చేసి ఓటీపీ, పిన్ అడిగేవారు మోసగాళ్లే. డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే సైబర్ మోసాల సహాయ ఫోన్ నంబరు 1930కు ఫిర్యాదు చేయాలి.