మన చదువుల చరిత్ర – 9: జగిత్యాల సన్నాలు నాటినోళ్ళ బిడ్డలు, పీహెచ్‌డీ దరఖాస్తు



పోయిన భాగంలో సాంఘిక సంక్షేమ హాస్టళ్ళ గురించి రాసిన తర్వాత ముగ్గురు నలుగురు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒకే ప్రశ్న పంపిండ్రు. అందరూ ఎమ్మెస్సీ చదువుతున్నోళ్ళే. ఒకరిది కోరుట్ల, ఒకరిది సిరిసిల్ల దగ్గర పల్లె. "అన్నా, పీహెచ్‌డీ చేయాలా, గ్రూప్స్‌కు ప్రిపేర్ కావాలా?" అని. దీనికి సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ ప్రశ్న మన ఇండ్లలోకి ఎప్పుడొచ్చింది, ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చింది అనే చరిత్ర చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఈ భాగం.

1970ల దశాబ్దాన్ని ఒకసారి చూడండి. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. 1976లో వరంగల్‌లో కాకతీయ యూనివర్సిటీ. 1977లో హైదరాబాద్‌లో సీసీఎంబీ. తెలుగు నేల మీద సైన్స్ పరిశోధనకు పునాదులు పడుతున్న కాలం అది. సరిగ్గా ఆ కాలంలోనే, 1978 సెప్టెంబర్ 7న, జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. వేలమంది కూలీలు, పేద రైతులు నడిచిండ్రు. వాళ్ళు అడిగింది వెట్టి పోవాలని, కూలి పెరగాలని, బంజరు భూములు దున్నుకునే హక్కు కావాలని. నెల తిరగంగనే, అక్టోబర్‌లో, ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

రెండు వందల కిలోమీటర్ల లోపల రెండు కాలాలు నడిచినయన్నట్టు. అక్కడ జీవకణం లోపల ఏముందో చూసే ప్రయోగశాల. ఇక్కడ దొర గడీ ముందు చెప్పులు విడవాలా వద్దా అనే కొట్లాట. ఆ పోరాట చరిత్ర మనకు నోటికి వచ్చు. స్తూపాల మీద పేర్లు చదువుకుంటం. కానీ ఆ నడిచినోళ్ళ పిల్లలలో ఎంతమంది ఎమ్మెస్సీ దాకా వచ్చిండ్రు, ఎక్కడ ఆగిండ్రు అనేది ఎవరూ లెక్కగట్టలేదు. ఉద్యమాలు కూడా ఆ లెక్క అడగలేదు, నా అభిప్రాయం అది. భూమి అడిగినం, కూలి అడిగినం, ఉద్యోగంలో వాటా అడిగినం. ప్రయోగశాల తాళం చెవి అడగాలన్న ఆలోచన మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

బాబాసాహెబ్‌కు మాత్రం ముందే వచ్చింది. 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్ అయిన కొద్ది నెలలకే, అక్టోబర్ 29న, ఆయన లిన్లిత్‌గోకు ఒక మెమొరాండం ఇచ్చిండు. అందులో చదువు గురించి రాసిన భాగాన్ని మన విద్యార్థి సంఘాలు స్టడీ సర్కిల్‌లో పెట్టుకోవాలి. ఆర్ట్స్, లా చదువులతో మనకు ఒరిగేది తక్కువ, సైన్స్, టెక్నాలజీలో పై చదువులు కావాలి, ఆ ఖర్చు మనవాళ్ళు భరించలేరు కాబట్టి ప్రభుత్వమే పెట్టుకోవాలి. ఇదీ ఆయన వాదన. దేశంలో సైన్స్, టెక్నాలజీ కోర్సులకు ఏడాదికి 2 లక్షలు, విదేశాల్లో చదివేందుకు 1 లక్ష అడిగిండు. స్వయంగా అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం చదివిన మనిషి సైన్స్ కోసం అడిగిండు, గమనించండి. 1944లో ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఈ రోజు మీరు ఈ-పాస్‌లో నింపే దరఖాస్తుకు అసలు వేరు అక్కడుంది.

అయితే 1944లో కోరుట్ల మాదిగ వాడలో పిల్లవాడికి ఆ సంగతి చేరే దారి ఏది? కరీంనగర్ జిల్లా అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. 1918లో పుట్టిన ఉస్మానియాలో బోధన ఉర్దూలో. భాగ్యరెడ్డి వర్మ లాంటివాళ్ళు 1910 నుంచి హైదరాబాద్‌లో మన పిల్లలకు బడులు తెరిచిండ్రు, కానీ ఊర్లల్లో బడి గడప దాటనిచ్చేది ఎవరు? మెట్రిక్ చదివినోడు ఉంటే కదా పోస్ట్ మెట్రిక్. స్కాలర్‌షిప్ ముందు వచ్చింది, దానికి అర్హత పొందే మనుషులు మన దగ్గర రెండు తరాల తర్వాత వచ్చిండ్రు.

కాలేజీలు ఇంకా తర్వాత వచ్చినయ్. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2007లో. కరీంనగర్‌లో శాతవాహన యూనివర్సిటీ 2008లో. జగిత్యాల పొలాసలో వ్యవసాయ కళాశాల కూడా 2008లోనే. అంటే జైత్రయాత్ర జరిగిన 30 ఏండ్లకు. ఆ తర్వాత కోరుట్లలో పశువైద్య కళాశాల, సిరిసిల్లలో బాబూ జగ్జీవన్‌రాం పేరు మీద వ్యవసాయ కళాశాల.

పొలాస దగ్గర కొంచెం ఆగుదాం. అక్కడి పరిశోధన స్థానం నుంచే జగిత్యాల సన్నాలు వచ్చినయ్, జేజీఎల్ 1798. ఉల్లికోడును తట్టుకునే సన్న వడ్లు. పొలాస ప్రభ కూడా అక్కడిదే. ఈ వడ్ల నారు పీకింది, నాట్లేసింది, కలుపు తీసింది మన అమ్మలు. ఏ మడిలో ఉల్లికోడు ముందు పడుతదో, ఏ రకం గాలికి పడిపోతదో వాళ్ళకు తెలుసు. ఆ తెలివికి పేరు లేదు, డిగ్రీ లేదు. ఆ అమ్మ బిడ్డ జెనెటిక్స్, ప్లాంట్ బ్రీడింగ్‌లో పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టినప్పుడు, ఇంటర్వ్యూలో "నీకు ఈ సబ్జెక్టు మీద ఆసక్తి ఎందుకు?" అని అడుగుతరు. మన పిల్లలు అప్పుడు గైడ్ పుస్తకంలో ఉన్న జవాబు చెప్తరు. అమ్మ పేరు చెప్పరు. చెప్పొచ్చని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు అడ్డం దగ్గరికి వస్త. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఏ వాడకు పోయినా దుబాయ్ పోవుడు ఎట్లనో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఏ ఏజెంటు నిజమైనోడు, ఏ వీసాకు ఎంత, మెడికల్ ఎక్కడ, అప్పు ఎవరిస్తరు, మస్కట్‌లో ఏ క్యాంపు మంచిది. ఇది మూడు నాలుగు దశాబ్దాలుగా వలస పోయినోళ్ళు పోగుచేసిన జ్ఞానం. ఒకరు పోతే పదిమందికి దారి చెప్పిండ్రు. పీహెచ్‌డీ దారి కూడా అట్లాంటిదే, రహస్యమేం కాదు. అగ్రకులాల ఇండ్లల్లో మేనమామనో పెద్దనాన్న కొడుకో ముందే పోయిండు, దారి చెప్పిండు. దాన్నే వాళ్ళు మెరిట్ అంటరు. మన వాడలో ఆ మొదటి మనిషి ఇంకా తయారు కావాలె.

మొదటి మనిషికి కూడా ఎవరో ఒకరు తలుపు కొట్టిపెట్టాలి. అంబేద్కర్ జీవితమే చూడండి. కేళూస్కర్ గురువు పరిచయం చేయకపోతే బరోడా మహారాజు శాయాజీరావు స్కాలర్‌షిప్ లేదు. 1913లో కొలంబియా పోయిండు. అక్కడి నుంచి 1916లో లండన్ పోయేటప్పుడు ప్రొఫెసర్ సెలిగ్మన్ పరిచయ లేఖలు రాసిచ్చిండు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయి చదువు మధ్యలో తిరిగి రావలసి వచ్చింది. కానీ రాకముందే, నాలుగేండ్ల లోపల తిరిగొచ్చి చదువుకునేందుకు యూనివర్సిటీ అనుమతి తీసుకున్నడు. 1920లో జీతంలో మిగుల్చుకున్న పైసలు, షాహూ మహారాజ్ సాయం, పార్సీ మిత్రుడు నావల్ భథేనా ఇచ్చిన అప్పుతో మళ్ళ పోయిండు. 1923లో డీఎస్సీ చేతికొచ్చింది. సిఫార్సు లేఖ అడగడానికి సిగ్గుపడే తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. లేఖ అడగడం అడుక్కోవడం కాదు, దరఖాస్తులో అదొక కాగితం.

లోపలికి పోయినంక ఏమైతదో కూడా దాచకుండా చెప్పాలి. సెంథిల్ కుమార్ తమిళనాడు సేలం ప్రాంతం నుంచి, పందులు పెంచే కులం నుంచి వచ్చి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ పీహెచ్‌డీలో చేరిండు. 2008 ఫిబ్రవరిలో హాస్టల్ గదిలో చనిపోయిండు. అప్పటికి ఆయనకు గైడ్‌ను కేటాయించలేదు. తర్వాత వేసిన వినోద్ పావరాల కమిటీ ముందు, ఆ విభాగం ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల ప్రయోజనాలకు వ్యతిరేకంగా నడుస్తుందన్న భావన విద్యార్థులు చెప్పుకున్నరు. 2013 నవంబర్‌లో అదే యూనివర్సిటీలో మాదారి వెంకటేశ్ పోయిండు. రెండేండ్లు దాటినా గైడ్ సమస్య తేలలేదని విద్యార్థి సంఘాలు మొత్తుకున్నయ్. 2016 జనవరి 17న రోహిత్ వేముల. ఎమ్మెస్సీ లైఫ్ సైన్సెస్ చదివినోడు, కార్ల్ సాగన్ లాగా సైన్స్ రచయిత కావాలనుకున్నోడు. 2015 జూలై నుంచి ఆయన ఫెలోషిప్ పైసలు ఆగినయ్.

ఈ మరణాలు చూపించి "అందుకే వద్దు" అనేవాళ్ళు మన ఇండ్లల్లోనే ఉన్నరు. నేను ఒప్పుకోను. ఈ ముగ్గురి కథల నుంచి దరఖాస్తు పెట్టేముందు అడగాల్సిన ప్రశ్నలు బయటికి తీయాలె. గైడ్‌ను ఎన్ని నెలల్లో ఇస్తరు? కోర్సువర్క్‌లో ఒక పేపర్ పోతే ఫెలోషిప్ ఏమైతది? ఆ విభాగంలో మన పిల్లలు ఎంతమంది చేరిండ్రు, ఎంతమంది డిగ్రీ తీసుకుని బయటికొచ్చిండ్రు? ఇవి వెబ్‌సైట్‌లో ఉండయ్. అక్కడి అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ లాంటి సంఘాల సీనియర్లకు ఫోన్ చేసి అడగాలె. ఐఐటీల్లో 2015 నుంచి 2019 దాకా పీహెచ్‌డీలో చేరిన 25 వేల మందిలో ఎస్సీలు 9.1 శాతం, ఎస్టీలు 2.1 శాతం అని పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. చట్టం ప్రకారం ఉండాల్సింది 15, 7.5. మిగిలిన సీట్లు గాలికి పోలేదు, ఎవరో కూర్చున్నరు.

పైసల మాట. "ఇంకెన్నేండ్లు చదువుతవ్ బిడ్డా?" అని బీడీలు చుట్టే అమ్మ అడిగితే తప్పు పట్టలేం. ఆమెకు చెప్పాల్సింది ఏందంటే, జేఆర్ఎఫ్ వస్తే చదువుకున్నందుకు నెలకు 37 వేలు, ఇంటి కిరాయి వేరే. 2023 జనవరి నుంచి ఈ రేటు. గల్ఫ్‌లో క్లీనింగ్ పనికి పోయినోళ్ళలో చాలామందికి అంత రాదు. సీఎస్ఐఆర్ నెట్‌లో ఎస్సీ, ఎస్టీలకు వయసులో 5 ఏండ్ల సడలింపు ఉంది. అమెరికా సంగతిలో ఇంకో మోసం నడుస్తుంది. కన్సల్టెన్సీలు మనకు ఎమ్మెస్ అమ్ముతయ్, అప్పు చేయిస్తయ్. సైన్స్ పీహెచ్‌డీకి అక్కడి యూనివర్సిటీలు మామూలుగా ఫీజు మాఫీ చేసి, బోధనలోనో పరిశోధనలోనో పనిచ్చి, స్టైపెండ్ ఇస్తయని చెప్పవు. చెప్తే వాళ్ళకు కమిషన్ రాదు. దరఖాస్తులు ఎక్కువగా డిసెంబర్‌లో ముగుస్తయ్. అంటే ప్రొఫెసర్లకు మెయిల్ రాసుడు ఎండాకాలం నుంచే మొదలుపెట్టాలె.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నుంచి ఉంది. 125 సీట్లలో 115 ఎస్సీలకు. భూమిలేని కూలీల పిల్లలకు, చేతివృత్తుల వాళ్ళకు కూడా కొన్ని ఉన్నయ్. సిరిసిల్ల మిత్రులు చూసుకోండి. 2022లో భారత సమాజం, చరిత్ర, సంస్కృతి మీద చదువులను ఇందులోంచి తీసేసిండ్రు. కులం మీద విదేశాల్లో చదవొద్దని దాని అర్థం, దాని మీద కొట్లాడాలె. సైన్స్ తలుపు మాత్రం తెరిచే ఉంది. రాష్ట్ర ప్రభుత్వ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వేరే, 20 లక్షల దాకా. రెండింటికీ కుల, ఆదాయ సర్టిఫికెట్లు ముందే తీసిపెట్టుకోండి. ఎమ్మార్వో ఆఫీసు సంగతి మీకు నేను చెప్పేదేం లేదు.

తర్వాతి భాగంలో గురుకుల మహిళా డిగ్రీ కాలేజీల నుంచి ఎమ్మెస్సీకి పోయిన చెల్లెళ్ళ గురించి రాస్త. ఈలోపు ఒక పని చేయండి. మీ ఊరి మాల, మాదిగ వాడల్లో మొదట సైన్స్ డిగ్రీ చదివింది ఎవరో, ఏ సంవత్సరమో, ఏ హాస్టల్‌లో ఉండి చదివిండ్రో, ఎక్కడ ఆగిపోయిండ్రో ముసలోళ్ళను అడిగి రాసి పంపండి. ముందు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మండలాలు పూర్తి చేద్దాం.