బడి లైబ్రరీ, తెర

అమెరికా బడుల్లో పిల్లలను లైబ్రరీ వైపు తిప్పే పని మొదట నోటిమాటతోనే సాగింది. బాల్టిమోర్‌లోని ఈనాక్ ప్రాట్ గ్రంథాలయంలో యువ పాఠకుల సేవలు చూసిన మార్గరెట్ ఎడ్వర్డ్స్ 1930లలోనే హైస్కూళ్లకు వెళ్లి, తరగతి ముందు నిలబడి పుస్తకాల గురించి చెప్పేవారు. ఈ పద్ధతికి బుక్‌టాక్ అని పేరు. వినేవాళ్లలో కుతూహలం రేగేదాకా కథ చెప్పి, సరిగ్గా మలుపు దగ్గర ఆపేయడమే ఇందులో కిటుకు. మిగతాది తెలియాలంటే పుస్తకం ఇంటికి తీసుకెళ్లాల్సిందే. తర్వాతి రోజుల్లో తెర మీదికొచ్చిన మంచి ప్రచారానికంతటికీ పునాది ఇక్కడే ఉంది.

1923లో కొడాక్ 16 ఎంఎం ఫిల్మ్ తెచ్చింది. అంతకుముందు వాడిన నైట్రేట్ ఫిల్మ్‌లా ఇది ఇట్టే అంటుకునేది కాదు కాబట్టి తరగతి గదిలో ప్రొజెక్టర్ నడపడం సాధ్యమైంది. అయితే చాలాకాలం బడుల్లో వేసినవి ఎక్కువగా పాఠాల సినిమాలే. తెరను పిల్లల సాహిత్యం వైపు గట్టిగా తిప్పినవాడు మార్టన్ షిండెల్. కనెటికట్ రాష్ట్రంలోని వెస్టన్ ఊళ్లో 1953లో ఆయన వెస్టన్ వుడ్స్ సంస్థ పెట్టాడు. బొమ్మల పుస్తకాన్ని సినిమాగా తీసేటప్పుడు కొత్త బొమ్మలు గీయించలేదు. అచ్చయిన బొమ్మ మీదే కెమెరాను మెల్లగా నడిపించాడు. ముందు ఒక మూల కనిపిస్తుంది, కెమెరా పక్కకు జరుగుతుంది, ఒక ముఖం దగ్గరికొస్తుంది, చివరికి బొమ్మంతా కళ్ల ముందు పరుచుకుంటుంది. వెనక రచయిత రాసిన మాటలే వినిపిస్తాయి. రాబర్ట్ మెక్‌క్లాస్కీ రాసి బొమ్మలు గీసిన ‘మేక్ వే ఫర్ డక్లింగ్స్’ ఇలాగే తెరకెక్కింది. సినిమా చూసిన పిల్లవాడు అలమరలో పుస్తకం తెరిస్తే అదే గీత, అదే వాక్యం ఎదురవుతాయి. పుస్తకం స్థానాన్ని ఆక్రమించకుండా దాని దగ్గరికే పంపే సినిమా ఇది. షిండెల్ చేసిన గొప్ప పని ఇదే.

1965 నాటి ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టం బడి లైబ్రరీలకు కేంద్రం సొమ్ము తెచ్చింది. తొలి ఏడాదికే లైబ్రరీ సామగ్రి, పాఠ్యపుస్తకాల వంటి వాటికి 10 కోట్ల డాలర్లు కేటాయించారు. 1969లో బడి లైబ్రేరియన్ల సంఘం, దృశ్య శ్రవణ బోధకుల సంఘం కలిసి ప్రమాణాలు ప్రకటించాయి. పుస్తకాలూ ఫిల్ములూ ఒకే చోట ఉండాలన్నది వాటి సారాంశం. లైబ్రరీ బోర్డు తీసి మీడియా సెంటర్ అని పెట్టిన బడులు చాలా ఉన్నాయి.

1983 జూలైలో పీబీఎస్ టీవీలో ‘రీడింగ్ రెయిన్‌బో’ మొదలైంది. వేసవి సెలవుల్లో చదివే అలవాటు తప్పిపోయే చిన్న తరగతుల పిల్లల కోసం తలపెట్టిన కార్యక్రమం ఇది. ‘రూట్స్’ సీరియల్‌తో పేరు తెచ్చుకున్న నటుడు లెవార్ బర్టన్ దీన్ని నడిపాడు. ప్రతి భాగంలో ఒక పుస్తకాన్ని బొమ్మలతో సహా చదివి వినిపించేవారు. ఆ కథకు సంబంధమున్న చోటికి బర్టన్ వెళ్లి అక్కడి మనుషులతో మాట్లాడేవాడు. చివర్లో మామూలు పిల్లలు కెమెరా ముందు నిలబడి తమకు నచ్చిన పుస్తకం గురించి చెప్పేవారు. ఆ కొద్ది నిమిషాలే కార్యక్రమానికి ప్రాణం. పెద్దవాళ్ల సిఫారసు కంటే తన ఈడువాడు చెప్పిన మాట పిల్లవాడికి తొందరగా ఎక్కుతుంది. ఇక్కడ కూడా కథ ముగింపు బయటపెట్టేవారు కాదు. తెర మీద కనబడ్డ పుస్తకాల అమ్మకాలు బాగా పెరిగేవి. 2006 దాకా 150కి పైగా భాగాలు తయారయ్యాయి.

2005లో యూట్యూబ్ వచ్చాక కెమెరా పిల్లల చేతికే వచ్చింది. సినిమా ట్రైలర్ తరహాలో బుక్ ట్రైలర్లు తీయించడం బడి లైబ్రరీల్లో పాకింది. నిమిషం వీడియోలో ఏది చూపాలో, ఏది దాచాలో తేల్చుకోవాలంటే పుస్తకం మొత్తం చదివి ఉండాలి. అందుకే ట్రైలర్ చూసే పిల్లల కంటే తీసే పిల్లలకే దానివల్ల మేలెక్కువ. రచయిత జేమ్స్ కెన్నెడీ 2011లో మొదలుపెట్టిన ‘90 సెకండ్ న్యూబెరీ’ చిత్రోత్సవానిది మరో దారి. పిల్లల సాహిత్యానికిచ్చే న్యూబెరీ గౌరవం పొందిన పుస్తకం కథంతా తొంభై సెకన్ల పరిధిలో పిల్లలే నటించి చూపాలి.

ఈ పనికి అడ్డంకులూ ఉన్నాయి. చాలా బడుల నెట్‌వర్క్‌లో యూట్యూబ్ తెరుచుకోనిచ్చేవారు కాదు. పిల్లల ముఖం బయట కనబడాలంటే తల్లిదండ్రుల అనుమతి అడగడం బడుల్లో ఆనవాయితీ. కాపీరైటు చిక్కు ఇంకా పెద్దది. తరగతి గదిలో టీచరు పుస్తకం చదివి వినిపించడానికి అమెరికా చట్టం మినహాయింపు ఇస్తుంది. అదే చదువును వీడియో తీసి అందరికీ కనబడేలా పెడితే హక్కుదారు అనుమతి కావాలి. 2020 మార్చిలో కోవిడ్ వల్ల బడులు మూతపడ్డప్పుడు స్కాలస్టిక్, పెంగ్విన్ రాండమ్ హౌస్ వంటి ప్రచురణ సంస్థలు ఈ నియమాన్ని తాత్కాలికంగా సడలించాయి. వీడియోలను బడి పిల్లలకే పరిమితం చేయాలనీ, గడువు ముగిశాక తొలగించాలనీ షరతులు పెట్టాయి.