దుబాసీ రాసిన చరిత్ర

దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా ముందు పెద్ద గొయ్యి చూపించమంటారు. వజ్రాల కోసం 1871 నుంచి 1914 దాకా తవ్విన గొయ్యి. చూపిస్తాను. వచ్చేటప్పుడు ఏంజెల్ వీధిలో 32వ నంబరు ఇంటి ముందు కారు ఆపుతాను. "ఇక్కడేముంది?" అంటారు. ఈ దేశం సంగతి ఆ గొయ్యి కన్నా ఈ ఇల్లే ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

ఇది రచయిత సోల్ ప్లాట్యే ఇల్లు. 1876లో పుట్టాడు. మిషన్ బడిలో చదివింది కొంచెమే. 1894లో ఈ ఊరి పోస్టాఫీసులో చేరాడు, ఆ తర్వాత మఫికెంగ్ కోర్టులో దుబాసీ అయ్యాడు. మాతృభాష సెట్స్వానా, దాంతో కలిపి ఏడెనిమిది భాషలొచ్చు. ముద్దాయిదొక భాష, మేజిస్ట్రేటుదొక భాష. ఇంగ్లీషువాళ్లతో యుద్ధంలో బోయర్లు, అంటే డచ్చి సంతతి తెల్లవాళ్లు, ఆ ఊరిని 217 రోజులు ముట్టడించినప్పుడు అక్కడి కోర్టు మరణశిక్షలు కూడా వేసింది. అనువాదంలో ఒక్క మాట జారితే ఏమవుతుందో ఇతనికి పుస్తకాలు చెప్పాల్సిన పని లేదు.

భార్య ఎలిజబెత్‌ది ఖోసా భాష. అతని భాష ఆమెకీ, ఆమె భాష అతనికీ ప్రేమలేఖ రాసుకునేంత రాదు. ఇంగ్లీషులో రాసుకున్నారు, షేక్‌స్పియర్‌ని సాయం తెచ్చుకున్నారు. రెండు వైపులా పెద్దలు కాదన్నా 1898లో పెళ్లి చేసుకున్నారు.

1913 జూన్‌లో వచ్చిన భూమి చట్టం అర్థమైతే ఈ దేశ చరిత్ర సగం అర్థమైనట్టే. జనాభాలో మూడింట రెండు వంతులున్న నల్లవాళ్లకి దేశంలో సుమారు 7 శాతం భూమి కేటాయించారు. దాని బయట కొనకూడదు, కౌలుకి తీసుకోకూడదు. ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో వాళ్లు సొంత ఎడ్లూ నాగళ్లతో తెల్లవాళ్ల పొలం పాలుకి చేసి, సగం పంట ఇచ్చేవాళ్లు. ఇకమీదట ఆ ఎడ్లతో సహా దొర కింద పనికి కుదరాలి, లేదా వెళ్లిపోవాలి. జూన్, జూలై నెలలు ఇక్కడ ఎముకలు కొరికే చలికాలం. గొడ్డూ గోదా తోలుకుని కుటుంబాలు రోడ్డున పడ్డాయి. ప్లాట్యే సైకిలెక్కి ఆ దారుల వెంట తిరిగాడు. దారిలో బిడ్డ చనిపోతే, పాతిపెట్టడానికి తమదన్న జానెడు నేల లేక, రాత్రిపూట దొంగచాటుగా పూడ్చిన తల్లిదండ్రుల్ని చూశాడు. 1916లో అచ్చయిన 'నేటివ్ లైఫ్ ఇన్ సౌత్ ఆఫ్రికా'లో అదంతా ఉంది. అదే 1913 నవంబరులో నాటాల్‌లో భారతీయుల మీద వేసిన 3 పౌండ్ల పన్నుకి ఎదురుతిరిగి గాంధీతో కలిసి కదిలిన కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ కథ మన బడుల్లో చెప్పారు. ఈ కథ నేనిక్కడికొచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు.

మన సామెతల్ని 1868లో కార్ అనే ఇంగ్లీషు కెప్టెన్ పుస్తకంగా వేశాడు. సెట్స్వానా సామెతలు 732 పోగుచేసి, 1916లో ఇంగ్లీషు అర్థాలతో అచ్చు వేయించినవాడు మాత్రం ఆ భాషవాళ్ల మనిషే, ప్లాట్యే. షేక్‌స్పియర్ నాటకాల్ని అనువదిస్తూ ఆయన పేరునే 'త్సికిన్యా-చాకా' అని తిప్పేశాడు, అంటే ఆయుధం ఝళిపించేవాడు. 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్' సెట్స్వానాలో 'డిఫోషో-ఫోషో' అయింది. తప్పు అనే మాటనే రెట్టించి పెట్టిన పేరు; మన 'తప్పుల తడక' లాంటిదనుకోండి. అది 1930లో వచ్చింది. 'జూలియస్ సీజర్' 1937లో వచ్చేనాటికి అతను పోయి అయిదేళ్లు.

'మ్హూదీ' నవల 1920 ప్రాంతంలో ఇంగ్లీషులో రాశాడు. అచ్చుకి పదేళ్లు పట్టింది. కథ 1830ల నాటిది. మటబెలె తెగ రాజు మ్జిలికాజి, సెట్స్వానా మాట్లాడే బరోలాంగుల ఊరిని నాశనం చేస్తే, వాళ్లు కొత్తగా వచ్చిన బోయర్లతో చేతులు కలిపి అతన్ని ఓడిస్తారు. తెల్లవాళ్ల పుస్తకాల్లో ఇది బోయర్ల వీరగాథ. ఇందులో అంతా చూసేదీ, మనుషుల్ని తూకం వేసేదీ మ్హూదీ అనే బరోలాంగ్ ఆడమనిషి. ఓడిన మ్జిలికాజి తనవాళ్లకొక కథ చెబుతాడు. ఒకడు సింహం పిల్లని తెచ్చి, ఆవుపాలు పోసి, మంచి వేటకుక్క అవుతుందని పెంచాడట. అది పెరిగి పెద్దదై అతని పిల్లల్ని తినేసింది. బోయర్లని నమ్మిన బరోలాంగులకీ అదే గతి పడుతుందంటాడు రాజు. ఆ మాట రాసిన ప్లాట్యే బరోలాంగే.