512 పట్టే గిన్నెలో 536

మా డబ్లిన్ నుంచి (ఐర్లండుది కాదండోయ్, కాలిఫోర్నియాది) లివర్మోర్ శివవిష్ణు ఆలయానికి 580 మీద పావుగంట ప్రయాణం. మొన్న శనివారం వెళ్ళినప్పుడు మా అమ్మాయి ద్వారపాలకుల్ని చూసి, "నాన్నా, వీళ్ళు ఎవర్ని ఆపుతారు?" అని అడిగింది. "రాకూడని వాళ్ళని" అన్నాను. "రాకూడని వాళ్ళెవరో వీళ్ళకెలా తెలుస్తుంది?" అంది. చేతిలో ప్రసాదం పెట్టి తప్పించుకున్నాను గానీ, పదేళ్ళ పైబడి నేను జీతం తీసుకుంటున్నది సరిగ్గా ఈ ప్రశ్న మీదే!

వెబ్ సర్వరు కూడా ఒక ద్వారపాలకుడే. ముక్కూ మొహం తెలియనివాడెవడో వచ్చి ఒక చీటీ అందిస్తాడు: ఫలానా పేజీ కావాలి, నా బ్రౌజరు ఇది, నేను తెచ్చిన సరుకు ఈ రకంది అని. దాన్నే రిక్వెస్ట్ అంటాం. మరి ఆ చీటీ తప్పులతడకగా ఉంటే? ఇంటర్నెట్ తొలిరోజుల పెద్దమనుషుల జవాబు మర్యాదగా ఉండేది. నువ్వు పంపేది పద్ధతిగా పంపు, ఎదుటివాడు పంపింది కాస్త అటూ ఇటూగా ఉన్నా సర్దుకుపో అని జాన్ పోస్టెల్ 1980లోనే టీసీపీ పత్రంలో రాశాడు. అప్పట్లో నెట్‌లో ఉన్నవాళ్ళు కొద్దిమందే, చాలావరకు ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఆ మర్యాద చెల్లింది.

చెల్లని రోజు 1988 నవంబరు 2. అంటే నేను పుట్టిన ఏడే. కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మారిస్ వదిలిన పురుగు ఆ రాత్రి దేశమంతా పాకింది. ఆ రాత్రే నాసా ఏమ్స్ నుంచి వెళ్ళిన హెచ్చరికలో బర్క్‌లీ, శాన్ డియేగో, స్టాన్‌ఫర్డ్‌లతో పాటు లివర్మోర్ పేరు కూడా ఉంది. అవును, మా గుడి ఉన్న ఊళ్ళోని అణు పరిశోధనశాలే!

ఆ పురుగు వాడుకున్న దారుల్లో ఒకటి ఫింగర్ సర్వరు. ఇంకా వెబ్ పుట్టలేదు. ఫింగర్ పని ఏమిటంటే, ఫలానా మనిషి మెషీన్ మీద ఉన్నాడా అని అడిగితే చెప్పడం. వచ్చిన ప్రశ్నని దాచుకోవడానికి దాని దగ్గర 512 బైట్ల గిన్నె ఉంది. పురుగు పంపింది 536 బైట్లు. చదివే పని చేసిన 'గెట్స్' అనే ఫంక్షనుకి లెక్కపెట్టడం రాదు. సోలెడు పట్టే గిన్నెలో తవ్వెడు పాలు పోస్తే పొయ్యి మీద పొర్లుతాయి, ఇల్లంతా కమురు వాసనొచ్చి మనకి తెలుస్తుంది. కంప్యూటర్లో అలా కాదు. గిన్నె పక్కనే 'ఈ పని అయ్యాక ఎక్కడికి వెళ్ళాలి' అన్న చిరునామా రాసి ఉంటుంది. పొర్లిన బైట్లు ఆ చిరునామా మీద పడి దాన్ని మార్చేశాయి. ఇక ప్రోగ్రాము వెళ్ళింది దొంగ చెప్పిన చోటికే.

మారిస్‌కి 1990లో మూడేళ్ళ ప్రొబేషన్, జరిమానా పడ్డాయి. తర్వాత ఎం.ఐ.టి.లో ప్రొఫెసరయ్యాడు. ఇలాంటివి మళ్ళీ జరిగితే చూసుకోవడానికి 1988 చివర్లోనే కార్నెగీ మెలన్‌లో సెర్ట్, 1989లో మన లివర్మోర్ ల్యాబ్‌లోనే ఇంధన శాఖ కోసం సియాక్ అనే జట్టు ఏర్పడ్డాయి. లెక్కరాని ఆ 'గెట్స్'ని సి భాష ప్రమాణం నుంచి తీసేసింది మాత్రం 2011లో. ఇరవైమూడేళ్ళు!

ఇంతకీ బుద్ధి వచ్చిందా? 2001 జూన్ 18న మైక్రోసాఫ్ట్ తన వెబ్ సర్వరు ఐఐఎస్‌కి ఒక ప్యాచ్ ఇచ్చింది. లోపం పాతదే, పొడుగు చూడకుండా పుచ్చుకోవడం. జులై 19న కోడ్ రెడ్ అనే పురుగు, చీటీలో వరసగా ఎన్ అక్షరాలు నింపి పంపుతూ, పద్నాలుగు గంటల్లోపే 3,59,000కి పైగా మెషీన్లని పట్టేసింది. ప్యాచ్ వచ్చి అప్పటికి నెల. ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ లోపం ఇండెక్సింగ్ అనే సేవకి సంబంధించింది. ఆ సేవ నడవకపోయినా సరే, దానికి వెళ్ళే తలుపు తెరిచి ఉంటే చాలు, దొంగ దూరతాడు. తమ మెషీన్లో వెబ్ సర్వరు ఉందని కూడా తెలియనివాళ్ళు ఎంతోమంది. వాడని గది తలుపుకి గడియెవరు పెడతారు చెప్పండి?

ఆ తర్వాత మేమంతా కొలవడం నేర్చుకున్నాం. అపాచీ అయితే చీటీ మొదటి లైను 8,190 బైట్లు దాటితే ఒప్పుకోదు, హెడర్లు వంద దాటినా అంతే. మరీ బిగిస్తే ఇంకో తంటా. కుకీలు ఎక్కువైన నిజమైన ఖాతాదారుని కూడా 400 ఎర్రర్‌తో గెంటేస్తుంది, అర్ధరాత్రి మనకి ఫోనొస్తుంది. సనకసనందనాదుల్ని ఆపి శాపం తిన్న జయవిజయుల కథే!

సరే, అసలు చెప్పాలనుకున్నదానికి వస్తాను. 2017 మార్చి 7న అపాచీ స్ట్రట్స్‌లో లోపం బయటపడింది. ఈసారి గొడవ పొడుగుతో కాదు. సరుకు రకం చెప్పే హెడర్‌లో పిచ్చిరాత రాస్తే సర్వరు సరిగ్గానే 'ఇది చెల్లదు' అనేది. కానీ ఆ మాట చెప్పడానికి వచ్చినవాడి రాతనే పైకి చదివి, చదువుతూ చదువుతూ అందులోని ఆజ్ఞని పాటించేసేది. మంత్రం రాసున్న చీటీని గట్టిగా చదివిన కాపలావాడన్నమాట. ప్యాచ్ అదే రోజు సిద్ధం. ఈక్విఫాక్స్ వాళ్ళు తమ వివాదాల పోర్టల్‌కి అది వెయ్యలేదు. మే నుంచి జులై దాకా దొంగలు అందులో తిరిగారు. దాదాపు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి.

అదే మార్చిలో నేనొక క్లయింటు దగ్గర కాంట్రాక్టులో ఉన్నాను. పేరొద్దు లెండి. అక్కడా స్ట్రట్సే. ప్యాచ్ వెయ్యాలని అడిగితే, "క్వార్టర్ ఎండ్, నడుస్తున్నదాన్ని ఇప్పుడు కదపొద్దు" అన్నారు. నా హెచ్-1బి పొడిగింపు అప్పుడే పెట్టారు. ఒక మెయిల్ రాసి ఊరుకున్నాను. రెండోసారి అడగలేదు. పదకొండు రోజుల తర్వాత ప్యాచ్ వేసి లాగులు తిరగేస్తే, ఆ పిచ్చిరాత హెడర్లు ఏడు కనబడ్డాయి. వాటి జవాబులో ఏం వెళ్ళిందో చెప్పే రికార్డు లేదు. నివేదికలో 'చొరబాటుకి ఆధారాలు కనబడలేదు' అని రాశాను. అబద్ధం కాదు. ఆధారాలు ఉండే చోటు మాకు లేదని మాత్రం రాయలేదు. సెప్టెంబరులో ఈక్విఫాక్స్ వార్త వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళకీ నాకూ తేడా బుద్ధిలో కాదు, అదృష్టంలో.

చరిత్ర అంతా చూస్తే దొంగలు మహా తెలివైనవాళ్ళేం కాదు. మనం కొలవలేదు, వాడని తలుపు ముయ్యలేదు, వచ్చినవాడి మాటని ఆజ్ఞ అనుకున్నాం, మందు ఇంట్లో పెట్టుకుని మింగలేదు. మొదటి మూడూ ఇప్పుడు సాఫ్ట్‌వేరే చాలావరకు చూసుకుంటుంది. నాలుగోది మాత్రం మనిషి నోరు తెరిచి రెండోసారి అడగాల్సిన పని. ఇప్పుడు నాతో పనిచేసే కుర్రాళ్ళకి ఈ ఏడు లైన్ల సంగతి మొదటి వారమే చెప్తాను. అడిగి తిట్లు తింటే ఆ పూటతో పోతుంది. ఆపాల్సినవాణ్ణి ఆపకపోతే మాత్రం, శాపం తగిలేది ద్వారపాలకుడికి కాదు, లోపల ధీమాగా ఉన్నవాళ్ళకి.

వచ్చే శనివారం మా అమ్మాయికి ఇంకాస్త మంచి జవాబు చెప్పాలి.